అలర్జీ ఖర్చంతా ఓపీలో, ఇన్సూరెన్స్ మాత్రం వార్డులో

హెల్త్ ఇన్సూరెన్స్ ఉంటే అలర్జీ టెస్టులకు డబ్బులు వస్తాయా? కర్నూలు, అనంతపురం, కడప వైపు ఈ ప్రశ్న ఇప్పుడు బాగా వినిపిస్తోంది. ఇదివరకు ముక్కు కారితే మెడికల్ షాపులో ఒక సిట్రిజిన్ కొనుక్కుని ఊరుకునేవాళ్ళు, ఇప్పుడేమో డాక్టర్ 'ఒకసారి అలర్జీ టెస్ట్ చేయించండి' అని చీటీ రాస్తున్నాడు, ల్యాబ్‌కు వెళ్తే బిల్లు వేలల్లో తేలుతోంది. సూటిగా చెప్పాలంటే, చాలా పాలసీల్లో రావు. ఎందుకు రావో తెలిస్తే ఎప్పుడు వస్తాయో కూడా తెలిసిపోతుంది.

మన దగ్గర అమ్మే హెల్త్ పాలసీల్లో ఎక్కువ భాగం ఆస్పత్రిలో చేరినప్పటి ఖర్చు కోసం తయారైనవి. కనీసం 24 గంటలు అడ్మిట్ అయి ఉండాలి, లేదా కంటి శుక్లం ఆపరేషన్, డయాలసిస్ లాంటి డేకేర్ జాబితాలో, అంటే ఒక్క రోజులోపే ముగిసే చికిత్సల జాబితాలో ఉన్నదైనా అయి ఉండాలి. అలర్జీ చూస్తే పక్కా ఓపీ జబ్బు, అంటే ఆస్పత్రిలో చేరకుండా చూపించుకుని ఇంటికొచ్చేసేది. డాక్టర్ ఫీజు ఓపీ. స్కిన్ ప్రిక్ టెస్ట్‌లో ముంజేతి మీద చుక్కలు పెట్టి సన్నగా గుచ్చి 15, 20 నిమిషాల్లో ఫలితం చెప్పేస్తారు, అదీ ఓపీ. రక్తంలో ఐజీఈ, అంటే అలర్జీకి సంబంధించిన యాంటీబాడీ, ఎంతుందో చూసే పరీక్షకు ఒక ట్యూబు రక్తం ఇచ్చి ఇంటికొచ్చేస్తారు. ఇక ఏళ్ళ తరబడి వాడే ముక్కు స్ప్రేలు, ఇన్‌హేలర్లు, మాత్రలు అన్నీ మెడికల్ షాపు బిల్లులే. ఇందులో మంచం ఎక్కే పనే లేదు, అందుకే ఏటా ప్రీమియం కడుతున్నా అలర్జీ ఖర్చు మాత్రం జేబులోంచే పోతూ ఉంటుంది.

ఇక్కడే చాలామందికి ఒక ఉచిత సలహా దొరుకుతుంది. 'ఒక రోజు అడ్మిట్ అయిపోండి, టెస్టులన్నీ క్లెయిమ్‌లో పెట్టేద్దాం' అని. ఇది పనిచేయదు. 2019లో ఇన్సూరెన్స్ కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ అన్ని కంపెనీలకూ ఒకే రకమైన మినహాయింపుల మాటలు రాసిచ్చింది, వాటిలో నాలుగోది సరిగ్గా దీని గురించే: కేవలం పరీక్షల కోసం, జబ్బేమిటో తేల్చుకోవడం కోసం చేరితే ఆ ఖర్చు ఇవ్వరు. కంపెనీ డాక్టర్ కేస్ షీట్ చూస్తాడు, అందులో సెలైన్ లేదు, ఇంజెక్షన్ లేదు, ఆక్సిజన్ లేదు, రక్తపరీక్షలు మాత్రం పేజీ నిండా ఉన్నాయి, ఇంకేముంది, క్లెయిమ్ కొట్టేస్తాడు. పైగా ఆస్పత్రి బెడ్ చార్జీ, నర్సింగ్ చార్జీ కలిసి రెండు మూడు వేలతో పోయే టెస్టు బిల్లు నాలుగింతలవుతుంది. ఆ తర్వాత నిజంగా అవసరమైన క్లెయిమ్ వేసినప్పుడు కూడా మీ ఫైలును అనుమానంగా చూస్తారు.

ఇంకో రకం దెబ్బ కూడా ఉంది, ఇది అన్యాయమనిపిస్తుంది కానీ రూలు రూలే. రాత్రి పూట ఆయాసం ఎక్కువై క్యాజువాలిటీకి తీసుకెళ్తారు, నెబ్యులైజర్ పెడతారు, ఒక స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేస్తారు, నాలుగు గంటల్లో ఊపిరి సర్దుకుంటుంది, ఇంటికి పంపేస్తారు. చికిత్స సరైనదే, మనిషి బాగుపడ్డాడు, కానీ 24 గంటలు కాలేదు కాబట్టి మామూలు పాలసీలో పైసా రాదు. అలాగని నయమైపోయిన మనిషిని 24 గంటలు నింపడానికే వార్డులో పడుకోబెడితే 'అడ్మిషన్ అవసరం లేదు' అని తిప్పికొట్టే అవకాశం ఎక్కువ.

మరి పాలసీ ఎప్పుడు పనికొస్తుంది? అలర్జీ అదుపు తప్పినప్పుడు. ఆస్తమా తీవ్రంగా వచ్చి ఆక్సిజన్ మీద రెండు మూడు రోజులు ఉండాల్సి వచ్చినా, కందిరీగ కుట్టో, ఏదో మందు పడకో ఒళ్ళంతా దద్దుర్లు లేచి బీపీ పడిపోయి ఐసీయూలో చేర్చాల్సి వచ్చినా అది మామూలు క్లెయిమే. ఆ స్థితిలో తొడ కండకు ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్ ప్రాణం నిలబెడుతుంది, దాని ధర పెద్దగా ఉండదు. బిల్లు పెరిగేది ఐసీయూ అద్దెతో, తగ్గిన రియాక్షన్ కొన్ని గంటల తర్వాత మళ్ళీ తిరగబెట్టవచ్చని కాపలాగా ఉంచే సమయంతో. ఇలాంటి రోజు కోసమే పాలసీ తీసుకోవాలి, తుమ్ముల కోసం కాదు.

ఇలా నిజంగా చేరాల్సి వచ్చినప్పుడు చాలామంది వదిలేసుకునే డబ్బు ఒకటి ఉంది. పాలసీలలో ఆస్పత్రిలో చేరడానికి ముందు కొన్ని రోజులు, డిశ్చార్జ్ తర్వాత కొన్ని రోజులు అదే జబ్బుకు అయిన ఖర్చు కూడా ఇస్తారు. 2020 ఏప్రిల్ నుంచి అన్ని కంపెనీలూ ఒకే పేరుతో అమ్ముతున్న ఆరోగ్య సంజీవని పాలసీలో ఇది ముందు 30 రోజులు, తర్వాత 60 రోజులు. అంటే ఆస్తమా ఎటాక్‌తో చేరి బయటికొచ్చాక, 'దేనివల్ల వచ్చిందో తేల్చాలి' అని డాక్టర్ రాసిన ఐజీఈ పరీక్ష, ఫాలోఅప్ ఫీజు, ఇన్‌హేలర్లు ఆ 60 రోజుల్లోపు అయితే రీయింబర్స్‌మెంట్ అడగవచ్చు. మామూలుగా రాని టెస్టు ఖర్చే ఈ దారిన వస్తుంది. షరతల్లా ఒకటే, కాగితాలు ఒకదానికొకటి అతకాలి. డిశ్చార్జ్ సమ్మరీలో జబ్బు పేరు, ఈ పరీక్ష చేయించాలన్న సలహా రెండూ రాయించుకోవాలి, టెస్టు చీటీ మీద కూడా అదే జబ్బు పేరు ఉండాలి. డిశ్చార్జ్ రోజు బిల్లు కౌంటర్ దగ్గర హడావుడిలో ఎవరికీ గుర్తుకురాదు గానీ, ఒక్క లైను రాయమని డ్యూటీ డాక్టర్‌ను అడిగితే సరిపోతుంది.

పాలసీ తీసుకునేటప్పుడు ఆస్తమా సంగతి దాచిపెట్టడం ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే ఖరీదైన పని. ఏజెంటు 'తుమ్ములే కదా సార్, రాయక్కర్లేదు' అంటాడు. తుమ్ముల సంగతి అటుంచండి, ఇన్‌హేలర్ వాడుతున్నా, ఊపిరితిత్తుల డాక్టర్‌కు చూపించుకున్నా అప్లికేషన్‌లో రాయాల్సిందే. పాలసీ మొదలుకు ముందు 36 నెలల్లో డాక్టర్ చెప్పిన, లేదా చికిత్స తీసుకున్న జబ్బును పాత జబ్బు కింద లెక్కేస్తారు, దానికి వెయిటింగ్ పీరియడ్, అంటే ఆ జబ్బుకు క్లెయిమ్ ఇవ్వని కాలం, 2024 నుంచి గరిష్ఠంగా 36 నెలలు, అంతకుముందు 48 ఉండేది. మూడేళ్ళు ఓపిక పడితే కవర్ వస్తుంది, ఎక్కువ ప్రీమియం తీసుకుని ఆస్తమాను మొదటి రోజు నుంచే కవర్ చేసే ప్లాన్లు కూడా మార్కెట్లో ఉన్నాయి. దాస్తే మాత్రం, ఆస్పత్రిలో డాక్టర్ అడిగినప్పుడు ఇంట్లోవాళ్ళు 'పదేళ్ళుగా ఉందండీ ఆయాసం' అని నిజం చెప్పేస్తారు, అది కేస్ షీట్‌కు ఎక్కుతుంది, క్లెయిమ్ అక్కడే పోతుంది. తెగకుండా 60 నెలలు ప్రీమియం కట్టాక మోసం రుజువైతే తప్ప పాత విషయాలు తవ్వి క్లెయిమ్ ఆపడానికి వీల్లేదని కొత్త నిబంధన ఉంది, కానీ దాన్ని నమ్ముకుని దాచడం ఐదేళ్ళ జూదం.

ముక్కు దూలం వంకర, సైనస్, టాన్సిల్స్ ఆపరేషన్లకు వెయిటింగ్ వేరే ఉంటుంది, చాలా పాలసీల్లో రెండేళ్ళు. అలర్జీ ముదిరి సైనస్ ఆపరేషన్ దాకా వెళ్ళినవాళ్ళు ఇది చూసుకోవాలి.

తర్వాత అలర్జీ ఇంజెక్షన్లు, అంటే పడని పదార్థాన్నే చిన్న చిన్న మోతాదుల్లో ఇస్తూ శరీరానికి అలవాటు చేసే ఇమ్యునోథెరపీ. 1911 నుంచి ఉన్న పద్ధతి ఇది, ఇప్పుడు నాలుక కింద చుక్కలుగా కూడా ఇస్తున్నారు. పుప్పొడికి, దుమ్ములోని సూక్ష్మ పురుగులకు, కందిరీగ, తేనెటీగ విషానికి బాగా పనిచేస్తుంది. కానీ 3 నుంచి 5 ఏళ్ళు పడుతుంది, మామూలు పాలసీ ఏదీ ఇవ్వదు, ఎందుకంటే ఇదీ ఓపీనే. నెలకు 1,500 అవుతుందనుకుంటే మూడేళ్ళకు 54,000. ఆరు నెలలు వాడి, తుమ్ములు కాస్త తగ్గగానే మానేసేవాళ్ళు ఎక్కువ, అప్పుడా ఆరు నెలల డబ్బూ ఏట్లో కలిసినట్టే. మొత్తం మూడేళ్ళకు లెక్క వేసుకుని, కట్టగలమనుకుంటేనే మొదలుపెట్టాలి.

పాలసీ పుస్తకంలో 'ఇమ్యునోథెరపీ కవర్ అవుతుంది' అని చూసి ఇదే అనుకోకండి. ఐఆర్‌డీఏఐ తప్పనిసరి చేసిన 12 ఆధునిక చికిత్సల జాబితాలో ఆ పేరుతో ఉన్నది మోనోక్లోనల్ యాంటీబాడీ ఇంజెక్షన్, అంటే ల్యాబులో తయారుచేసిన యాంటీబాడీతో చేసే మందు. మందులకు లొంగని ఆస్తమాకు, నెలల తరబడి తగ్గని దద్దుర్లకు వాడే ఒమాలిజుమాబ్ ఈ కోవకు చెందుతుంది. ఒక్కో డోసు వేలల్లో ఉంటుంది, నెలకోసారో రెండుసార్లో వేయించుకోవాలి, కాబట్టి ఇది అడగదగ్గ క్లెయిమే. అయితే కంపెనీలు దీనికి సబ్‌లిమిట్, అంటే ఇంతవరకే ఇస్తామన్న హద్దు, పెట్టుకోవచ్చు. మొదటి ఇంజెక్షన్ వేయించుకునే ముందే కంపెనీని ప్రీ ఆథరైజేషన్ (ముందస్తు అనుమతి) అడిగి, జవాబు మెయిల్‌లో తెప్పించుకోవాలి, ఫోన్‌లో 'వస్తుంది సార్' అన్న మాటకు విలువ లేదు. అదే జాబితాలో సైనస్‌కు చేసే బెలూన్ సైనుప్లాస్టీ, తీవ్రమైన ఆస్తమాకు చేసే బ్రాంకియల్ థర్మోప్లాస్టీ కూడా ఉన్నాయి, మన జిల్లాల్లో వాటి అవసరం ఎవరికో గానీ పడదు.

పాలసీకి అదనంగా ఓపీ ఖర్చు కలిపే ఓపీ రైడర్ తీసుకుంటే సరిపోదా అంటే, లెక్క వేసి చూడాలి. ఏడాదికి 4,000 అదనంగా కట్టించుకుని 10,000 దాకా ఓపీ ఖర్చు ఇస్తామన్నారనుకుందాం. వినడానికి బాగుంది. లోపలికి వెళ్తే డాక్టర్ ఫీజుకు ఇంత, టెస్టులకు ఇంత, మందులకు ఇంత అని విడగొట్టి ఉంటుంది, పైగా తమ నెట్‌వర్క్‌లోని ల్యాబులోనే చేయించాలంటారు. హైదరాబాద్‌లో వీధికొకటి దొరికే ఆ నెట్‌వర్క్ ల్యాబు కర్నూలులోనో కడపలోనో ఒకటి రెండు ఉండొచ్చు, ఆదోనిలో, కదిరిలో, ప్రొద్దుటూరులో ఉందో లేదో కంపెనీ వెబ్‌సైట్‌లో పిన్‌కోడ్ కొట్టి చూశాకే డబ్బు కట్టాలి. లేకపోతే యాప్‌లో వీడియో కాల్ కన్సల్టేషన్ ఒక్కటే మిగులుతుంది, దానికోసం 4,000 దండగ. ఆఫీసు గ్రూప్ పాలసీలో ఓపీ ఉచితంగా కలిపి ఉంటే మాత్రం తప్పకుండా వాడుకోవాలి, చాలామంది ఉందని కూడా తెలియకుండా ఏడాది గడిపేస్తారు.

ఓపీ ఖర్చు నిజంగా భరించే ఇన్సూరెన్స్ ఒకటుంది, దానికి ఎవరూ పెద్ద విలువ ఇవ్వరు: ఉద్యోగులకు, కార్మికులకు ఉండే ప్రభుత్వ బీమా, ఈఎస్ఐ. నెల జీతం 21,000 దాకా ఉండి, పదిమంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే చోట ఉన్నవాళ్ళకు ఇది వర్తిస్తుంది. ఉద్యోగి వాటా జీతంలో 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. పాత జబ్బు అనే మాటే లేదు, వెయిటింగ్ లేదు, డాక్టర్, పరీక్షలు, మందులు, కుటుంబ సభ్యులు అన్నీ ఇందులోకే వస్తాయి. డిస్పెన్సరీలో క్యూ ఉంటుంది, రెఫరల్ కోసం తిరగాలి, నిజమే. అయినా ఎర్రగుంట్ల వైపు సిమెంట్ ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు కార్మికులకు, బేతంచెర్ల బండల పాలిష్ యూనిట్లలో పనిచేసేవాళ్ళకు, ఆదోని పత్తి మిల్లుల్లోవాళ్ళకు దీన్ని మించింది ప్రైవేటులో దొరకదు. పత్తి దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు ఈఎస్ఐ వృత్తి వ్యాధుల జాబితాలోనే ఉంది, కాబట్టి వైద్యంతో పాటు నష్టపరిహారం అడిగే హక్కు కూడా ఉంటుంది. యజమాని ఈఎస్ఐ కట్టకుండా 'నీకు జీతంలో ఐదొందలు కలుపుతాలే' అంటే ఒప్పుకోకపోవడమే మంచిది.

రాష్ట్ర ప్రభుత్వ పథకం ఎన్టీఆర్ వైద్య సేవ దగ్గరికొస్తే, 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ పేరుతో మొదలైనప్పుడు తొలి మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. 2023 చివర్లో పరిమితి 25 లక్షలకు పెరిగింది. ఎంత పెరిగినా అది ప్యాకేజీల పథకం, ఆపరేషన్లకు, పెద్ద జబ్బులకు, ఆస్పత్రిలో చేరాల్సిన స్థితికి ఉద్దేశించింది. ముక్కు అలర్జీకి చీటీ పట్టుకుని వెళ్తే ఆస్పత్రిలో ఈ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్ర చేయగలిగింది ఏమీ ఉండదు. అలాంటప్పుడు కర్నూలు పెద్దాసుపత్రి, అనంతపురం జీజీహెచ్, కడప రిమ్స్ ఓపీలే దారి. ఈఎన్‌టీ, ఊపిరితిత్తులు, చర్మవ్యాధులు, పిల్లల విభాగాలు మూడు చోట్లా ఉన్నాయి. ఏ విభాగానికి వెళ్ళాలో తెలియక తిరగడం కంటే తుమ్ములు, ముక్కు దిబ్బడ అయితే ఈఎన్‌టీకి, పిల్లికూతలు, ఆయాసం అయితే ఊపిరితిత్తులకు, దద్దుర్లు, దురద అయితే చర్మానికి అని గుర్తు పెట్టుకుంటే ఒక పూట మిగులుతుంది.

ఇన్సూరెన్స్ రానప్పుడు ఖర్చు తగ్గించే అసలైన మార్గం అవసరం లేని టెస్టు చేయించకపోవడం. ఇక్కడే డబ్బు ఎక్కువ పోతోంది కాబట్టి కాస్త వివరంగా చూడాలి. మొత్తం ఐజీఈ అనే పరీక్ష చవక, వెయ్యి అటూ ఇటూ, కానీ దానివల్ల తేలేది తక్కువ, కడుపులో నులిపురుగులు ఉన్నా అది పెరుగుతుంది. ఒక్కో పదార్థానికి విడివిడిగా చూసే ప్యానెల్ ఎన్ని పదార్థాలన్న దాన్నిబట్టి నాలుగైదు వేల నుంచి పదివేల పైదాకా పోతుంది. స్కిన్ ప్రిక్ టెస్ట్ చాలాసార్లు దీనికంటే తక్కువలో, వెంటనే జవాబిస్తుంది. కాకపోతే దానికి ముందు సిట్రిజిన్ లాంటి మాత్రలు 5 నుంచి 7 రోజులు ఆపాలి, ఈ సంగతి ఎవరూ చెప్పక అనంతపురం నుంచి బెంగళూరు వెళ్ళి, 'నిన్న మాత్ర వేసుకున్నారా, అయితే వచ్చే వారం రండి' అనిపించుకుని రావడం జరుగుతుంది. బస్సు చార్జీ, కూలి పోయిన రోజు ఏ పాలసీలోనూ రావు. టెస్టు కోసం ఫోన్ చేసినప్పుడే ఏ మందులు ఎన్ని రోజులు ఆపాలో అడగాలి. ఇన్‌హేలర్ మాత్రం సొంతంగా ఆపకూడదు.

మన నేలను బట్టి కూడా టెస్టు మారుతుంది. చేల గట్ల మీద, రోడ్ల పక్కన ఎక్కడ చూసినా వయ్యారిభామ కలుపు మొక్కే. పొలం పనికి వెళ్ళేవాళ్ళకు ముఖం, మెడ, మోచేతి మడతల్లో నల్లబడి దురద పెట్టే చర్మవ్యాధి చాలాసార్లు దీనివల్లే వస్తుంది. దానికి పదివేల రక్తం ప్యానెల్ పనికిరాదు, చేయాల్సింది వీపు మీద పట్టీలు అంటించి చూసే ప్యాచ్ టెస్ట్. 48 గంటలు పట్టీలు తడవకుండా ఉంచాలి, తీశాక ఒకసారి, ఇంకో రెండు రోజులకు మరోసారి చూపించాలి. అంటే మూడు రాకపోకలు, కాబట్టి ఇది దూరం ఊళ్ళో కంటే దగ్గర్లో, చర్మవ్యాధుల విభాగంలో చేస్తారేమో ముందు కనుక్కుని చేయించుకోవడం లాభం. సర్కారు కంప పుప్పొడికి మాత్రం ప్రిక్ టెస్ట్, ఐజీఈ సరిపోతాయి. కడప బండలు, బేతంచెర్ల బండలు కోసే చోట దగ్గు వస్తే అది అలర్జీ అయ్యే అవకాశం తక్కువ, రాతి దుమ్ము ఊపిరితిత్తులను నేరుగా దెబ్బతీస్తుంది, అక్కడ కావాల్సింది ఛాతీ ఎక్స్‌రే. సెనక్కాయలు తూర్పారబట్టేటప్పుడు తుమ్ములొస్తే సెనక్కాయలు తినడం మానేయాల్సిన పని లేదు, ఆ దుమ్ము వేరు, తిండి అలర్జీ వేరు.

తిండి ప్యానెళ్ళతో ఇంకో ప్రమాదం ఉంది. పిల్లవాడికి 40 రకాల పరీక్ష చేయిస్తే పాలు, గుడ్డు, గోధుమ, సెనక్కాయల్లో కొన్నిటికి పాజిటివ్ రావచ్చు, తల్లి భయపడి అన్నీ మానిపిస్తుంది, పిల్లవాడు బక్కచిక్కిపోతాడు. పాజిటివ్ వచ్చినంత మాత్రాన అలర్జీ ఉన్నట్టు కాదు, తిన్నప్పుడు ఏమైందన్నదే ముఖ్యం. ఐజీజీ అనే మరో యాంటీబాడీ పేరుతో అమ్మే 'ఫుడ్ ఇంటాలరెన్స్' పరీక్షలనైతే అలర్జీ వైద్య సంఘాలు వద్దనే చెబుతున్నాయి, ఉచిత ఆఫర్‌లో వచ్చినా చేయించకండి. టెస్టు చీటీ చేతికిచ్చినప్పుడు 'దీని ఫలితాన్ని బట్టి మందు మారుతుందా డాక్టర్ గారూ' అని అడగడంలో తప్పు లేదు. మారదంటే, స్ప్రే వాడి చూసి నెల తర్వాత నిర్ణయించుకోవచ్చు. లివోసిట్రిజిన్, మాంటెలుకాస్ట్ లాంటివి జన ఔషధి షాపుల్లో చాలా చవక.

పన్ను విషయం రెండు ముక్కల్లో: పాత పన్ను విధానంలో ఉంటే ఆదాయపు పన్నులో ప్రీమియానికి 25,000, తల్లిదండ్రులు 60 దాటితే వాళ్ళ కోసం మరో 50,000 మినహాయింపు ఉంది. 60 దాటిన పెద్దవాళ్ళకు అసలు ఇన్సూరెన్సే లేకపోతే వాళ్ళ వైద్య ఖర్చును ఆ 50,000లో చూపించవచ్చు, అలర్జీ మందుల బిల్లులు దాచుకుంటే అక్కడ పనికొస్తాయి, చెల్లింపు మాత్రం నగదుగా చేయకూడదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద 18 శాతం జీఎస్టీ కూడా పోయింది.

క్లెయిమ్ అన్యాయంగా కొట్టేశారనిపిస్తే, ముందు కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. ఏ క్లాజు కింద తిరస్కరించారో కాగితం మీద అడగాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, నచ్చకపోయినా ఏడాదిలోపు ఇలాంటి తగాదాలు తీర్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళవచ్చు. ఆంధ్రప్రదేశ్‌కు ఆ ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది, ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, 50 లక్షల దాకా కేసులు చూస్తారు. ఐఆర్‌డీఏఐ హెల్ప్‌లైన్ 155255. ఫిర్యాదుతో పాటు డిశ్చార్జ్ సమ్మరీ, పూర్తి కేస్ షీట్ కాపీ జతచేయాలి. కేస్ షీట్ అడిగితే ఆస్పత్రి ఇచ్చి తీరాలి, డిశ్చార్జ్ అయిన వారంలోనే తీసిపెట్టుకుంటే తర్వాత రికార్డు రూము చుట్టూ తిరిగే పని ఉండదు.